లూయీ పాశ్చర్: పిచ్చికుక్క కాటుకు మందు వెతికిన మనిషి



సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో మీ పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. పెద్ద తరగతుల పిల్లల్లో కొందరైనా చెప్తారు. 1895లో ఆ రోజున లూయీ పాశ్చర్ చనిపోయారు. సైన్సు పుస్తకంలో గడ్డం ఉన్న బొమ్మ, కింద రెండు లైన్లు, పరీక్షలో ఒక మార్కు. మన పిల్లలకు ఆయన పరిచయం అంతవరకే. కానీ మీ ఇంట్లో టామీయో, స్నూపీయో ఉంటే, లేదా మీ వీధి మలుపులో నాలుగు కుక్కలు పడుకుని ఉంటే, ఆయన కథ మీకు కూడా అవసరమే. అందుకే ఈ నెల ఆయన గురించి రాస్తున్నాను.

ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సులో డోల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్ళు పదును చేసే పని పెట్టుకున్నాడు. తర్వాత కుటుంబం ఆర్బువా అనే ఊరికి మారింది. లూయీకి ఎనిమిదేళ్ళు దాటిన 1831 అక్టోబరులో ఆ చుట్టుపక్కల ఊళ్ళలోకి పిచ్చిపట్టిన తోడేలు ఒకటి వచ్చి, కనబడిన మనిషినల్లా కరిచింది. అప్పుడు దానికి మందేమీ లేదు. కరిచిన చోట ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం ఒక్కటే తెలుసు. కాటుపడిన మనిషిని కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకొచ్చి కాల్చారు. లూయీ ఇల్లు అక్కడికి దగ్గరే. వాడు చూశాడు, ఆ కేకలు విన్నాడు. తోడేలు కరిచినవాళ్ళలో ఎనిమిది మంది చనిపోయారు.

మన ఊళ్ళలోనూ పిచ్చికుక్క కరిస్తే వాతలు పెట్టేవారని పెద్దవాళ్ళు చెప్పగా మీరు వినే ఉంటారు. సముద్రాలు వేరైనా భయం ఒకటే, దానికి దొరికిన మందూ ఒకటే.

చదువు సంగతికొస్తే, లూయీ చిన్నప్పుడు క్లాస్ ఫస్ట్ కాదు. బొమ్మలు బాగా వేసేవాడు. అమ్మానాన్నలవి, ఊళ్ళో వాళ్ళవి రంగు చాక్‌పీసుల లాంటి పాస్టెల్స్‌తో వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. పదిహేనేళ్ళు దాటాక మంచి చదువు కోసం పారిస్‌లో హాస్టల్లో వేశారు. కొన్ని వారాలైనా ఉండలేకపోయాడు. ఇంటి మీద బెంగ పట్టుకుంది. చివరికి తండ్రే వెళ్ళి ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్లల్ని హాస్టల్లో వేసిన తల్లిదండ్రులు ఇక్కడ కొంచెం ఆగుతారని నాకు తెలుసు. ఆ తండ్రి కొడుకును తిట్టినట్టు ఎక్కడా చదవలేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న బెజాన్‌సాన్‌లో మళ్ళీ చదివించాడు, అంతే.

ఇంకొకటి. 1842లో సైన్సు డిగ్రీ పరీక్షలో ఆయనకు కెమిస్ట్రీలో వచ్చింది అంతంతమాత్రం గ్రేడు. కెమిస్ట్రీలోనే! అదే ఏడాది పారిస్‌లోని పెద్ద కాలేజీ ఎకోల్ నార్మాల్ ఎంట్రన్సులో పాసయ్యారు కానీ ర్యాంకు కింద వచ్చింది. సీటు వచ్చినా చేరలేదు. ఇంకో ఏడాది చదివి మళ్ళీ రాసి, ఈసారి మంచి ర్యాంకుతో చేరారు. లాంగ్ టర్మ్ కోచింగ్ అనే మాట మనకేదో కొత్తగా వచ్చిందనుకుంటాం గానీ, పాశ్చర్‌ది కూడా ఒక రకంగా లాంగ్ టర్మే.

తర్వాత జరిగింది వేగంగా చెప్తాను. ఇరవై ఐదేళ్ళకే, 1848లో, ద్రాక్ష సారా పీపాల్లో దొరికే టార్టారిక్ ఆమ్లం స్ఫటికాలను మైక్రోస్కోపు కింద పెట్టి, అవి కుడిచెయ్యి ఎడమచెయ్యిలాగా రెండు రకాలుగా ఉన్నాయని కనిపెట్టారు. మరుసటి ఏడాది స్ట్రాస్‌బర్గ్‌లో మరీ లోరాన్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ జీవితాంతం ఆయన చెప్పింది రాసిపెట్టి, నోట్సు సర్ది, ఇల్లూ ల్యాబూ రెండూ చూసుకుంది. పుస్తకాల్లో ఆవిడ పేరు తక్కువగా కనిపిస్తుంది, అది న్యాయం కాదని నా ఉద్దేశం.

లీల్ అనే ఊళ్ళో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు ఒక విద్యార్థి తండ్రి ఆయన దగ్గరికి వచ్చాడు. ఆయనకు బీట్‌రూట్ నుంచి ఆల్కహాల్ తీసే ఫ్యాక్టరీ ఉంది. సరుకు పులిసి పాడైపోతోంది, కారణం తెలియడం లేదు. పేరెంట్ అడిగాడు కదా అని పాశ్చర్ ఫ్యాక్టరీకి వెళ్ళి చూశారు. పులియడం అనేది ఉత్త రసాయన చర్య కాదు, కంటికి కనబడని జీవుల పని అని తేల్చింది అక్కడి నుంచే. ఆ జీవులు గాల్లోంచి ఊరికే పుట్టుకురావని, ముందున్న జీవుల నుంచే వస్తాయని హంసమెడ లాంటి సీసాలతో రుజువు చేశారు. వేడి చేస్తే అవి చస్తాయి కాబట్టి ద్రాక్ష సారాను కాస్త వేడిచేసి నిలవ ఉంచే పద్ధతి చెప్పారు. మన నందివెలుగు దాటి గుంటూరు వైపు వెళ్తే వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది చూడండి. అక్కడ నుంచి వచ్చే పాల ప్యాకెట్టు మీద పాశ్చరైజ్డ్ అని ఉంటుంది. రోజూ పొద్దున్నే మనం ఆయన పేరు చదువుతూనే ఉన్నాం. పాలను ఆ రకంగా వేడిచెయ్యడం మాత్రం ఆయన తర్వాత వేరేవాళ్ళు మొదలుపెట్టారు.

పట్టుపురుగుల రోగం మీద 1865 నుంచి కొన్నేళ్ళు దక్షిణ ఫ్రాన్సులో పనిచేశారు. తల్లి చిలుకను నూరి మైక్రోస్కోపులో చూసి, రోగం లేకపోతేనే దాని గుడ్లు రైతుకు ఇవ్వాలన్నది ఆయన చెప్పిన పద్ధతి. మన హిందూపురం, పలమనేరు వైపు పట్టు రైతులు కొనే గుడ్లు ఇప్పటికీ ఆ పరీక్ష అయ్యాకే వస్తాయి.

ఆ పనికి ముందూ, ఆ పని మధ్యలోనూ ఆయన ముగ్గురు కూతుళ్ళను పోగొట్టుకున్నారు. పెద్దమ్మాయి జాన్‌కు తొమ్మిదేళ్ళు, టైఫాయిడ్. రెండేళ్ళ కామీ. ఆ మరుసటి ఏడాది పన్నెండేళ్ళ సెసిల్, మళ్ళీ టైఫాయిడ్. ఐదుగురు పిల్లల్లో ఇద్దరే మిగిలారు. రోగం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను ఆయన అంత పట్టుగా ఎందుకు పట్టుకున్నారో చెప్పడానికి నాకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు. 1868 అక్టోబరులో పక్షవాతం వచ్చింది. అప్పటికి నలభై ఐదేళ్ళు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు మళ్ళీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. రేబిస్ పని అంతా ఆయన చేసింది ఆ తర్వాతే.

కోళ్ళ కలరాకు టీకా తయారుచేశాక, గొర్రెల ఆంత్రాక్స్ టీకా పని సాగుతుండగానే, 1880 చివర్లో రేబిస్ మీదకి వచ్చారు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అంతకుముందు చూసిన రోగాలన్నిటికీ మైక్రోస్కోపులో క్రిమి కనబడింది. రేబిస్‌లో ఏమీ కనబడలేదు. కనబడదు కూడా. అది వైరస్. వైరస్‌ను చూపించగల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు 1930లలో గానీ రాలేదు. అంటే కంటితో ఎన్నడూ చూడని శత్రువు మీద ఆయన మందు తయారు చెయ్యాలి.

మొదట పిచ్చికుక్కల లాలాజలంతో ప్రయత్నించారు. ఇద్దరు మనుషులు పిచ్చిపట్టిన కుక్కను బల్ల మీద అదిమి పట్టుకుంటే, ఆయన సన్నని గాజు గొట్టం నోట పెట్టుకుని దాని చొంగ పీల్చి తీసేవారని అంటారు. కానీ లాలాజలంతో ఫలితాలు నిలకడగా రాలేదు. రోగి లక్షణాలన్నీ మెదడుకు సంబంధించినవి కదా, రోగం ఉండేది నరాల్లోనే అయ్యుండాలని ఆయన, ఆయన దగ్గర పనిచేసే ఎమీల్ రూ అనే యువ డాక్టరు ఆలోచించారు. మత్తిచ్చి కుక్క పుర్రెకు చిన్న రంధ్రం చేసి, రోగపు మెదడు పదార్థాన్ని నేరుగా లోపల పెడితే ప్రతిసారీ రోగం వచ్చింది. జంతువుల మీద కోతలు పాశ్చర్ చూడలేకపోయేవారు. ఆ మొదటి ఆపరేషన్ రూ ఆయన లేనప్పుడు చేశాడు. బతికిన కుక్కను తర్వాత తీసుకొచ్చి చూపిస్తే పాశ్చర్ దాన్ని దువ్వి సంతోషపడ్డారట.

ఇక్కడ ఆయన కనిపెట్టిన విషయం మనం గుర్తుపెట్టుకోవాల్సింది. కాటు దగ్గర లోపలికి వెళ్ళిన రేబిస్ రక్తంలో పరుగెత్తదు. నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. దానికి సాధారణంగా ఒక నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారం పదిరోజులే, ఒక్కోసారి ఏడాది. తల మీద, ముఖం మీద, చేతుల మీద కరిస్తే దారి దగ్గర కాబట్టి త్వరగా చేరుతుంది. చిన్నపిల్లలు పొట్టిగా ఉంటారు, కుక్క నోరు వాళ్ళ ముఖానికి అందుతుంది. ఒకసారి మెదడుకు చేరి లక్షణాలు మొదలైతే, నీళ్ళు చూస్తే గొంతు బిగుసుకుపోవడం మొదలైతే, ఇవాళ్టికీ దాదాపు ఎవరినీ బతికించలేం. కానీ చేరకముందు మనకు సమయం ఉంది. టీకా పరుగెత్తి రోగం కంటే ముందు గమ్యం చేరాలి. పాశ్చర్ ఆలోచన మొత్తం ఇంతే.

టీకా ఎలా చేశారంటే, రోగాన్ని ఒక కుందేలు నుంచి ఇంకో కుందేలుకు ఎక్కిస్తూ పోయారు. అలా పోగా పోగా రోగం కచ్చితంగా వారం రోజులకే వచ్చేటట్టు స్థిరపడింది. చచ్చిన కుందేలు వెన్నుపామును తీసి, అడుగున పొటాష్ వేసిన సీసాలో దారంతో వేలాడదీశారు. పొటాష్ తేమను పీల్చుకుంటుంది, వెన్నుపాము ఎండుతుంది, ఎండిన కొద్దీ రోగం బలం తగ్గుతుంది. రెండు వారాలు ఎండినదాంట్లో బలమే ఉండదు. బలం లేనిది మొదట, కాస్త బలమున్నది మర్నాడు, చివరకు తాజాది, ఇలా వరసగా కుక్కలకు ఇస్తే అవి పిచ్చికుక్క కాటుకు తట్టుకున్నాయి. పనిచేస్తున్నట్టే ఉంది. కానీ మనిషికి ఇవ్వడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

1885 జులై 4న ఆల్సేస్ ప్రాంతంలోని ఒక పల్లెలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒంటరిగా నడిచి వెళ్తుంటే కుక్క మీద పడింది. పిల్లవాడు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఒక తాపీమేస్త్రీ ఇనప కడ్డీతో కొట్టి తరిమేదాకా వదల్లేదు. చేతుల మీద, కాళ్ళ మీద, తొడల మీద పధ్నాలుగు గాట్లు. అది వీధికుక్క కాదు. అక్కడి కిరాణా వ్యాపారి ఇంట్లో పెంచుకున్న కుక్క. తన యజమానిని కూడా అదే కరిచింది. కుక్కను చంపి కడుపు కోసి చూస్తే లోపల గడ్డి, చెక్కముక్కలు ఉన్నాయి. తినకూడనివి తినడం పిచ్చి లక్షణం.

ఇక్కడ కథ ఆపి ఒక మాట. పెంపుడు కుక్క అంటే మనకు అనుమానమే రాదు. మా ఏడో తరగతి పిల్లలు తమ పెట్ గురించి ఇంగ్లీషులో వ్యాసం రాశారు. రంగు, జాతి, బిస్కట్లు, బెల్టు, పుట్టినరోజు కేకు అన్నీ రాశారు. టీకా కార్డు గురించి ఒక్కరూ రాయలేదు. పిల్లల తప్పు కాదు, ఇంట్లో ఆ మాట రావాలి కదా. గేటు లోపల ఉండే కుక్కే అయినా సాయంత్రం వాకింగ్‌లో వీధికుక్కతో కొట్లాడుతుంది, పంట కాలువ గట్టున నక్కో, పిల్లో, కోతో ఎదురవుతుంది. గీరితే వెంట్రుకల్లో మనకు కనబడదు.

పిచ్చి అంటే నోట నురగ కక్కుతూ వీధంతా తరుముతుందని సినిమాల్లో చూసి అనుకుంటాం. అది ఒక రకం. రెండో రకం చాలా మౌనంగా ఉంటుంది. కుక్క మంచం కింద, చీకటి మూల దూరుతుంది. పిలిస్తే రాదు. మొరిగితే గొంతు మారి బొంగురుగా ఉంటుంది. కింది దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు, వెనక కాళ్ళు తడబడతాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? పాపం గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెడతాం. ప్రేమ కొద్దీ చేసే ఆ పని చాలా ప్రమాదం. చేతి మీద చిన్న గీత ఉన్నా చొంగలో ఉన్న రోగానికి అది చాలు. అలాంటప్పుడు కుక్కను ఒక గదిలో పెట్టి తలుపేసి పశువుల డాక్టరును పిలవండి. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

జోసెఫ్ దగ్గరికి వద్దాం. కరిచింది పొద్దున. ఆ సాయంత్రం ఊరి డాక్టరు కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కాల్చి, పారిస్‌లో పాశ్చర్ అనే ఆయన ఉన్నారు, వెళ్ళండని చెప్పాడు. తల్లి పిల్లవాణ్ణి తీసుకుని బయలుదేరింది. కిరాణా వ్యాపారి కూడా వెంట వెళ్ళాడు. జులై 6న ల్యాబుకు చేరారు. వ్యాపారి చేతి మీద కుక్క పళ్ళు చొక్కా దాటి దిగలేదని చూసి పాశ్చర్ ఆయన్ను ఇంటికి పంపేశారు. పిల్లవాడి సంగతి అలా కాదు.

పాశ్చర్ డాక్టరు కాదు. సూది వేస్తే చట్టరీత్యా నేరం. వుల్పియాన్, గ్రాంషే అనే ఇద్దరు డాక్టర్లను పిలిపించారు. ఇద్దరూ గాయాలు చూసి ఈ పిల్లవాడు బతకడం కష్టం, టీకా ఇవ్వవచ్చన్నారు. ఆ రాత్రే గ్రాంషే మొదటి సూది వేశాడు. పది పదకొండు రోజుల్లో మొత్తం పదమూడు. ఒక్కో రోజూ మందు బలం పెరుగుతోంది. చివరిది ఎంత బలమైనదంటే, ముందరివి పనిచెయ్యకపోయి ఉంటే అదొక్కటే పిల్లవాణ్ణి చంపగలదు. పిల్లవాడు కుందేళ్ళతో, గినీ పందులతో ఆడుకుంటూ హాయిగా ఉన్నాడు. నిద్ర లేనిది పాశ్చర్‌కే. జోసెఫ్ బతికాడు.

ఈ భాగంలో ఒక మరక కూడా ఉంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. పాశ్చర్ తన ల్యాబు నోటు పుస్తకాలు ఎవరికీ చూపించవద్దని కుటుంబానికి చెప్పారు. 1970ల దాకా చరిత్రకారులకు అవి అందలేదు. అందాక చూస్తే, జోసెఫ్‌కు వాడిన సరిగ్గా ఆ పద్ధతిని కుక్కల మీద పరీక్షించడం అప్పటికి పూర్తికాలేదని తేలింది. బయటికి చెప్పినంత ధీమా నోటు పుస్తకంలో లేదు. పైగా పిచ్చికుక్క కరిచిన ప్రతి మనిషికీ రోగం రాదు, జోసెఫ్‌కు తప్పకుండా వచ్చేదని ఎవరూ చెప్పలేరు. ఇవాళైతే ఏ ఆసుపత్రీ ఆ ప్రయోగానికి ఒప్పుకోదు. కానీ పధ్నాలుగు గాట్లతో పిల్లవాణ్ణి ఎత్తుకుని తల్లి గుమ్మంలో నిలబడితే ఏం చెయ్యాలి? నేనైతే ఆయన్ను తప్పు పట్టలేను. నోటు పుస్తకాలు దాచమన్నందుకు మాత్రం పడతాను.

అక్టోబరులో రెండో రోగి. జాన్ బాప్టిస్ట్ జుపీ, పదిహేనేళ్ళ గొర్రెల కాపరి. చిన్నపిల్లల మీదకు పిచ్చికుక్క వస్తుంటే ఎదురెళ్ళి, కలబడి, దాన్ని చంపేశాడు. చేతులు బాగా చీరుకుపోయాయి. ఆరు రోజుల తర్వాత పారిస్ చేరినా బతికాడు. కుక్కతో కలబడుతున్న అతని విగ్రహం పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో ఇప్పటికీ ఉంది.

తర్వాత నవంబరులో లూయీజ్ పెలెటియే అనే పదేళ్ళ పాపను తీసుకొచ్చారు. తల మీద లోతైన కాటు. కరిచి అప్పటికే ముప్ఫై ఏడు రోజులు. ఇక ప్రయోజనం లేదని, తను మందిస్తే ఆ చావు తన మందు మీదకే వస్తుందని పాశ్చర్‌కు తెలుసు. అయినా తల్లిదండ్రుల ముఖం చూసి కాదనలేకపోయారు. డిసెంబరు మొదట్లో పాప చనిపోయింది. 1886 మార్చి 1 నాటికి ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న 350 మందిలో చనిపోయింది ఆ పాప ఒక్కతే. అదే నెలలో రష్యాలోని స్మోలెన్స్క్ నుంచి తోడేలు కరిచిన పందొమ్మిది మంది వచ్చారు. వాళ్ళలో పదహారు మంది బతికి ఇంటికెళ్ళారు.

ముప్ఫై ఏడు రోజులు ఎందుకు పట్టిందో నాకు తెలియదు. మన దగ్గర ఎందుకు ఆలస్యమవుతుందో మాత్రం తెలుసు. పిల్లలు చెప్పరు. కుక్కను కెలికినందుకు తిడతారని, ఆటకు పంపరని, సూదులు వేయిస్తారని భయం. సాక్సు కింద చిన్న గాటు, యూనిఫాం కింద గోటి గీత, రెండు రోజుల్లో మానిపోతుంది, అందరూ మర్చిపోతారు. దయచేసి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి: కుక్క గానీ పిల్లి గానీ కరిచినా, గీరినా, పుండు మీద నాకినా తిట్టము, కొట్టము, వెంటనే చెప్పు అని. చెప్పిన రోజున ఆ మాట నిలబెట్టుకోండి.

చెప్పగానే చెయ్యాల్సిన మొదటి పని ఆసుపత్రికి పరుగెత్తడం కూడా కాదు. కుళాయి కింద పెట్టి, సబ్బుతో, గడియారం చూసి పదిహేను నిమిషాలు కడగాలి. బట్టల సబ్బైనా సరే. పదిహేను నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, పిల్లలు ఏడుస్తారు, అయినా ఆపకండి. వైరస్ చాలావరకు అక్కడే పోతుంది. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, పసరు ఏవీ పెట్టకండి. కట్టు కట్టకండి. తర్వాత ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మన కుక్కే కదా, టీకా వేయించాం కదా అని మీరే తేల్చుకోవద్దు, ఆ మాట డాక్టరుకు చెప్పి ఆయన్ను తేల్చనివ్వండి. కుక్క కళ్ళెదుటే ఉంటే పది రోజులు కనిపెట్టి చూడమంటారు, కానీ పది రోజులు చూశాక టీకా మొదలుపెడదాం అనుకోకూడదు.

పాశ్చర్ టీకా మన దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. 1900లో హిమాలయాల్లోని కసౌలీలో మన దేశపు మొదటి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1907లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణ భారతానికి ఒకటి వచ్చింది. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీ. తెనాలి తాలూకాలో పిల్లవాణ్ణి పిచ్చికుక్క కరిస్తే ఎలా వెళ్ళి ఉంటారో ఊహించండి. రైల్లో మద్రాసు, అక్కడి నుంచి రాత్రంతా మేట్టుపాళయం, మళ్ళీ కొండ రైలెక్కి కూనూరు. మద్రాసు నుంచి బెజవాడకు, మేట్టుపాళయం నుంచి కూనూరుకు రెండు రైళ్ళూ 1899లోనే మొదలయ్యాయి. అవి కూడా లేకపోతే ఏం చేసేవారో.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు గొర్రె మెదడుతో, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను చంపి కొత్త టీకా చేశాడు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు అని మన తాతలు భయపెట్టింది దాని గురించే. కొంతమందికి దానివల్ల పక్షవాతం లాంటివి వచ్చేవి కూడా. 2005 ప్రాంతంలో మన దేశం దాన్ని పూర్తిగా మానేసింది. ఇప్పుడు కణాల్లో పెంచిన శుభ్రమైన టీకాలు వచ్చాయి. వాటిలో కొన్ని హైదరాబాదులోనే తయారవుతాయి. బొడ్డు జోలికి ఎవరూ పోరు, భుజానికే వేస్తారు. కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు. చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. రక్తం వచ్చేలా కరిస్తే ఇంకొకటి కూడా కావాలి, ఇమ్యునోగ్లోబులిన్. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం పైనే పడుతుంది. అప్పటిదాకా కాపలాకు తయారుగా ఉన్న రక్షణను నేరుగా గాయం చుట్టూ ఎక్కిస్తారు. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుక్కకాటు టీకా ఉచితం. ఫీజు కట్టే స్కూల్లో చదివిస్తున్నాం, సర్కారు ఆసుపత్రి క్యూలో నిలబడటమేమిటి అనుకునేవాళ్ళు కూడా ఉంటారు. ఆ సూదికి ఆ తేడా తెలియదు. మూడో డోసుకు పుండు మానిపోయిందని, పరీక్షలున్నాయని ఆపేయకండి. డోసు రోజున స్కూలుకు ఆలస్యమైతే డైరీలో ఒక్క లైను రాసి పంపండి, చాలు.

కుక్కపిల్లకు మూడో నెలలో మొదటి రేబిస్ టీకా, నెలకు బూస్టర్, ఆ తర్వాత ఏటా ఒకటి. మీ కుక్క కార్డు తీసి ఆఖరి తేదీ చూడండి.

పాశ్చర్ పేరుతో ప్రపంచం నలుమూలల నుంచి చందాలు వచ్చాయి. రష్యా చక్రవర్తి ఇచ్చాడు, బ్రెజిల్ చక్రవర్తి ఇచ్చాడు, కూలినాలి చేసుకునేవాళ్ళూ ఇచ్చారు. ఆ డబ్బుతో 1888 నవంబరు 14న పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. తన ప్రసంగాన్ని తను చదవలేక కొడుకు చేత చదివించారు. ఇంకో ఏడేళ్ళు బతికి, ఊరి బయట ఉన్న ఇన్‌స్టిట్యూట్ వారి ఇంట్లో కన్నుమూశారు. ఇన్‌స్టిట్యూట్ నేలమాళిగలోనే ఆయన సమాధి ఉంది. జోసెఫ్ మైస్టర్ పెద్దవాడయ్యాక అక్కడికే వచ్చి కాపలాదారుగా పనిచేశాడు. ఆ గేటు తాళాలు ఎన్నో ఏళ్ళు అతని దగ్గరే ఉన్నాయి.